గుమ్మానికి కట్టిన వేపమండ, గోడకు అంటించిన పోస్టరు

కిందటి నెల ఈ శీర్షికలో క్వారంటైన్ చట్టాల గురించి రాసిన నాలుగు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది గానీ, ఆ రోజుల్లో తమను ఆపినవారి మీద, తమ మాట విననివారి మీద జనానికి ఉన్న కినుక ఇంకా చల్లారలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి జవాబులు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లను పొడి అక్షరాలుగానే ఉంచాను.

ప్రశ్న: స్వేచ్ఛ ప్రాథమిక హక్కు అని ముప్పై అయిదేళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. 2021లో కూరగాయల మార్కెట్లో మాస్కు లేదని నాకు వెయ్యి రూపాయల జరిమానా వేశారు. ఆ తరువాత టీకా కోసం ఇంటి మీదికి వచ్చారు. నా శరీరం మీద అధికారం ప్రభుత్వానికి ఎవరిచ్చారు?
— ఎస్. ఆర్., విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన పాఠంలో తప్పు లేదు, కాకపోతే ఆ పాఠానికి తరువాయి ఒకటి ఉంది. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును ఇచ్చిన 19వ అధికరణమే, సాధారణ ప్రజల ప్రయోజనం కోసం ఆ హక్కు మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చునని తన ఐదవ ఖండంలో చెప్పింది. మత స్వేచ్ఛకు సంబంధించిన 25వ అధికరణమైతే హక్కును చెప్పడానికి ముందే షరతును చెబుతుంది: ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి మాత్రమే ఆ హక్కు. 2020 మార్చి 20 నుంచి జూన్ రెండో వారం దాకా తిరుమలలో భక్తుల దర్శనాలు ఆగిపోయి స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా జరిగినా, ఆ ఏడు రంజాన్ నమాజులు ఇళ్లలోనే చదువుకున్నా అందుకు రాజ్యాంగంలో ఉన్న ఆధారం ఆరోగ్యం అన్న ఆ ఒక్క మాట. బోనాల సంగతి మరీ చిత్రమైనది. సికింద్రాబాదు ఉజ్జయిని మహాకాళి గుడి కథ 1813 నాటి గత్తరతో, అంటే కలరా మహమ్మారితో, మొదలైందని అక్కడివారు చెప్పుకుంటారు. గత్తర నుంచి కాపాడమన్న మొక్కుతో పుట్టిన ఆ జాతర, మరో గత్తర వచ్చిన 2020లో భక్తుల ఇళ్లలోనే జరిగింది. అమ్మవారు అలిగిందని ఎవరూ అనలేదు.

అయితే మాస్కును, టీకాను మీరు ఒకే గాటన కట్టారు. అవి రెండూ ఒకటి కావు. మాస్కు శరీరం బయట ఉంటుంది, ఇంటికి రాగానే తీసి పారేయవచ్చు, పైగా అది ప్రధానంగా తొడుక్కున్నవారి తుంపర్లు ఎదుటివారి మీద పడకుండా ఆపుతుంది. ఒంట్లో నలత తెలియడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే కరోనా ఇతరులకు అంటుతుంది కాబట్టి, "నాకేమీ లేదు" అన్న మీ మాట ఎంత నిజాయితీగా అన్నదైనా ఎదుటివారికి భరోసా కాజాలదు. కనుక మార్కెట్లో మాస్కు అడగడం న్యాయమేనని నా అభిప్రాయం. రోజు కూలీకి కూడా అదే వెయ్యి రూపాయలు వేయడం మాత్రం న్యాయం కాదు.

టీకా దారి వేరు. అది శరీరంలోకి వెళ్లేది, వెనక్కి తీసుకోలేనిది. 2022 మే 2న సుప్రీంకోర్టు జేకబ్ పులియెల్ కేసులో, మన తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ గవాయ్‌ల ధర్మాసనం ద్వారా, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, ఎవరి శరీరం మీద వారికున్న అధికారం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది. ఆ తీర్పు అక్కడితో ఆగలేదు. ఒకరి నిరాకరణ వల్ల ఇతరులకు ముప్పు ఉంటే వారి రాకపోకల మీద పరిమితులు పెట్టవచ్చునని ఒప్పుకుంటూనే, టీకా వేయించుకోనివారి వల్ల వేయించుకున్నవారి కంటే వ్యాధి ఎక్కువగా వ్యాపిస్తుందని చూపే ఆధారాలేవీ తమ ముందుకు రాలేదు కనుక అప్పటి ఆంక్షలు పాళ్లు తప్పాయని చెప్పింది. అమెరికాలో 1905 నాటి జేకబ్‌సన్ కేసును టీకా పక్షంవారు తరచు ఉదాహరిస్తారు. మశూచి టీకా వద్దన్న మనిషికి అయిదు డాలర్ల జరిమానా వేయడాన్ని అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది గానీ, పట్టుకుని సూది గుచ్చమని ఆ తీర్పులోనూ లేదు.

ఆంక్షకు చట్టం ఆధారంగా ఉండాలి, ప్రయోజనం నిజమైనదై ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతకు మించకూడదు అన్న కొలమానాన్ని 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి తీర్పు బలపరిచింది. దానికి నేను నా తరఫున ఒకటి కలుపుకుంటాను: బయటికి రావద్దన్నవారు లోపల ఉండగలిగే ఏర్పాటు చేశారా లేదా? మిగిలిన ఉత్తరాలు చదువుతున్నప్పుడు ఈ ప్రశ్నే మళ్లీ మళ్లీ ఎదురైంది.

ప్రశ్న: 2020 ఆగస్టులో మా ఇంట్లో ముగ్గురికి పాజిటివ్ వచ్చింది. సాయంత్రానికల్లా గోడకు పోస్టరు అంటించి, గేటుకు అడ్డంగా సరుగుడు కర్రలు కట్టారు. పాలు పోసే అతను రావడం మానేశాడు. మా అత్తగారు మాత్రం, "మా రోజుల్లో అమ్మవారు పోస్తే వేపమండ మేమే కట్టుకునేవాళ్లం, ఎవరూ ఇలా వెలివేసినట్టు చూడలేదు" అని ఏడ్చారు. ఊరికి తెలియజేయడమే రెండింటి ఉద్దేశమూ అయినప్పుడు తేడా ఎక్కడుంది?
— జె. ఎల్., తణుకు

జవాబు: అమ్మా, మీ అత్తగారు చెప్పిన వేపమండ నాకు బాగా గుర్తుంది. నాకు ఏడో ఏట ఆటలమ్మ పోసినప్పుడు మా అమ్మమ్మ గుమ్మానికి అటొకటి ఇటొకటి వేపమండలు గుచ్చింది. ఇంట్లో పోపు వేయడం మానేశారు. పక్కింటి మామ్మగారు రోజూ పొద్దున్నే మజ్జిగ చెంబు తెచ్చి అరుగు చివర పెట్టి, "ఏమే, అబ్బాయికి ఎలా ఉంది?" అని వీధిలోంచే కేకేసి, జవాబు విని వెళ్లేది. ఆవిడ గుమ్మం తొక్కలేదు, అలాగని రావడమూ మానలేదు. పొక్కులు మాడి తలకు స్నానం పోసిన రోజున అమ్మమ్మే ఆ మండలు తీసేసింది.

తేడా అక్కడే ఉంది. మండను ఇంటివారు కట్టారు, ఇంటివారే తీశారు. దాన్ని చూసినవారికి రావద్దన్న సంగతితో పాటు ఏదో ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టాలన్న సంగతీ తెలుసు. మీ గోడ మీది పోస్టరుకు మొదటి సగమే తెలుసు. దాన్ని అంటించే ఉద్యోగికి అంటించడం వరకే ఆదేశం ఉంది, తీసే బాధ్యత ఎవరిదో ఆదేశంలో ఉండదు, కాబట్టి నెగెటివ్ వచ్చాక కూడా అది వానకు తడిసి చిరిగేదాకా గోడ మీదే ఉంటుంది. ఈ పోస్టర్ల మీద దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న, విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారం ఉన్నవారు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించరాదని చెప్పింది. అలా అంటించమని తమ మార్గదర్శకాల్లో లేదని కేంద్ర ప్రభుత్వమే ఆ కోర్టులో ఒప్పుకుంది. అంటే మీ అత్తగారి కన్నీటికి కారణమైన కాగితం చాలా చోట్ల ఎవరూ అడగకుండానే అతికింది.

పక్కింటివారికి తెలుసుకునే హక్కు లేదా అని మీ వీధివారు అడగవచ్చు. మీతో కలిసి కూర్చున్నవారికి, మీ ఇంట్లో అన్నం తిన్నవారికి, మీ పిల్లల ట్యూషన్ టీచరుకు తెలియాలి, అదీ ఆ రోజే తెలియాలి. ఆరోగ్య సిబ్బంది వారిని వెతికి చెప్పవలసిందే, మీరు దాచకుండా పేర్లు ఇవ్వవలసిందే. దారిన పోయేవారికి అది తెలిసినందువల్ల ఆగే వ్యాధి ఏమీ లేదు.

ఇలా రాస్తున్నాను కదా అని పాత రోజులన్నీ బంగారమని అనుకోవద్దు. ఆ మజ్జిగ చెంబు మా అరుగు మీదికి వచ్చింది గానీ, ఊరి చివరి పేటలో అమ్మవారు పోసిన ఇళ్లకు ఎవరు ఏం తీసుకువెళ్లారో నేను చూడలేదు, అప్పట్లో అడగాలని కూడా తోచలేదు. కరోనా మొదటి రోజుల్లో "సామాజిక దూరం" అన్న మాట మన పత్రికల్లో వచ్చినప్పుడు చాలామంది ఉలిక్కిపడింది అందుకే. దూరాన్ని తరాల తరబడి అనుభవించినవారున్న దేశంలో ఆ మాట వేరేగా వినబడింది. "భౌతిక దూరం" అని మార్చుకోవడం మంచిదైంది. మాట మారినా భయం మారలేదు లెండి. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు కరోనాతో చెన్నైలో కన్నుమూస్తే, అంబత్తూరు శ్మశానం దగ్గర స్థానికులు ఆయన అంత్యక్రియలను అడ్డుకున్నారు. రోగులను చూస్తూ జబ్బు తెచ్చుకున్న మనిషికి మనవాళ్లు ఇచ్చిన గౌరవం అది.

ప్రశ్న: 2020 మార్చి 25న హైదరాబాదులో మా హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్ ముందు వరుసలో నిలబడి ఊరికి వెళ్లే అనుమతి పత్రం తెచ్చుకుని బైకు మీద బయలుదేరాను. సరిహద్దులో ఆ పత్రం చెల్లదన్నారు. రాత్రంతా రోడ్డు మీదే ఉన్నాం. బయలుదేరడం నా తప్పా, ఆపడం వాళ్ల తప్పా?
— పి. కె., నందిగామ

జవాబు: ఆ రాత్రి జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టు అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక రాష్ట్రం వెళ్లమని కాగితం ఇచ్చింది, పక్క రాష్ట్రం 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటే తప్ప రానివ్వమంది. వ్యాధిశాస్త్రం లెక్కన చూస్తే ఆపడంలో అర్థం ఉంది. వేలమంది నగరం నుంచి ఒక్కసారిగా పల్లెలకు చేరితే, అందులో పదిమంది జబ్బు మోసుకుపోయినా ఎక్కడెక్కడ మొలకెత్తుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ దేశమంతా మూసివేస్తున్నట్టు మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు చెప్పి అర్ధరాత్రి నుంచి అమలు చేశారు. మధ్యలో ఉన్నవి నాలుగు గంటలు. "ఎక్కడివారు అక్కడే ఉండండి" అని ఆజ్ఞ ఇచ్చేముందు ప్రతి మనిషికీ ఆ "అక్కడ" అన్నది ఒకటి ఉందో లేదో చూడాలి. హాస్టల్ తలుపు మూసుకున్నాక మీకు అక్కడ లేదు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చేపల వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులకు "అక్కడ" అంటే పడవ; వేలమంది అలాగే నెలకు పైగా ఉండి, ఏప్రిల్ చివరి నుంచి బస్సుల్లో ఇంటికి చేరారు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు (వలస కూలీల ప్రత్యేక రైలు) సుమారు 1,200 మందితో బయలుదేరింది మే 1న. అప్పటికి లాక్‌డౌన్ మొదలై అయిదు వారాలు దాటింది.

కనుక మీరు బయలుదేరడం తప్పు కాదు, ఆపడమూ తప్పు కాదు. ఆపిన చోట పడుకోవడానికి చాప, తాగడానికి నీళ్లు లేకపోవడం తప్పు. మిమ్మల్ని వీధిలోకి తోసిన హాస్టల్‌ను ఆ ఉదయమే అడ్డుకోకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఇదే సరిహద్దులో ఏడాది తరువాత జరిగినది వేరు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను, పడక ఖాయమైనట్టు ముందస్తు అనుమతి లేదని ఆపేశారు. తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది. మీ బైకును ఆపితే వ్యాధి ఆగే అవకాశమైనా ఉంది, ఊపిరాడని రోగిని టోల్‌గేటు దగ్గర ఆపితే ఆగేది ఆ రోగి ఊపిరి ఒక్కటే. మా పడకలు మావాళ్లకే అన్న ఆలోచనకు ప్రజారోగ్యం అన్న పేరు తగిలించారు. ఈ రెండు సంఘటనలనూ ఒకే తప్పుగా జమకట్టడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: లాక్‌డౌన్ రోజుల్లో వాడిన అంటువ్యాధుల చట్టం 1897 నాటిదని మా తరగతిలో చెప్పారు. బ్రిటిష్‌వారి చట్టాన్ని స్వతంత్ర దేశంలో ఇంకా ఎందుకు మోస్తున్నాం?
— న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఆ చట్టాన్ని ఒకసారి పూర్తిగా చదవమ్మా, బస్సు వచ్చేలోపు అయిపోతుంది. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడితే, 1897 ఫిబ్రవరిలో హడావుడిగా తెచ్చిన అసలు చట్టంలో ఉన్నవి నాలుగు సెక్షన్లు. అందులో ప్రభుత్వం ఏమైనా చేయవచ్చు, కాదన్నవారికి శిక్ష, చేసిన అధికారి మీద దావా వేయకూడదు. రోగికి ఏం ఇవ్వాలి, ఎన్నాళ్లు నిర్బంధించవచ్చు, ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నవాటికి అందులో ఒక్క అక్షరం లేదు.

దాని ఫలితం పుణేలో కనిపించింది. ప్లేగు కమిషనర్ రాండ్ ఆధ్వర్యంలో సైనికులు ఇళ్లలోకి, పూజగదుల్లోకి చొరబడి సోదాలు చేశారు, సామాన్లు తగలబెట్టారు, మనుషులను శిబిరాలకు తరలించారు. ప్లేగు నిజమైనదే, రోగులను వేరుగా ఉంచడమూ అవసరమే. కానీ చేసిన తీరుకు ఊరు రగిలిపోయింది. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్ మీద కాల్పులు జరిపారు, కొద్ది రోజులకు అతను చనిపోయాడు. తిలక్ తన పత్రికలో రాసిన రాతలకు రాజద్రోహం కింద పద్దెనిమిది నెలల శిక్ష పడింది. అదే ఏడాది జనవరిలో బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంటికే వేసుకుని చూశాడు. జనం నమ్మకం సంపాదించుకోవడానికి ఆ రెండు దారుల్లో ఏది పనికొస్తుందో నీ తరగతిలో చర్చ పెట్టి చూడు.

2020లో ఈ చట్టానికి చేసిన సవరణ ఆరోగ్య సిబ్బందిపై దాడులకు ఏడేళ్ల దాకా జైలుశిక్ష తెచ్చింది. అది అవసరమైన మార్పే. రోగి హక్కుల వైపు మాత్రం ఏమీ చేరలేదు. లా కమిషన్ 2024లో ఇచ్చిన 286వ నివేదికలో ఈ చట్టం నేటి అవసరాలకు చాలదని, దీన్ని సమగ్రంగా సవరించాలని, లేదా కొత్త చట్టం తేవాలని సిఫారసు చేసింది. ఆ నివేదికను నీ ప్రాజెక్టు అంశంగా తీసుకోవచ్చు.

ప్రశ్న: పెళ్లికి యాభై మందికి మించకూడదన్న రోజుల్లో మా పెదనాన్నగారి అబ్బాయి మూడొందల మందిని పిలిచాడు. నేను వెళ్లలేదు. ఇప్పటికీ మా ఇంటికి రాకపోకలు లేవు. నేను చేసింది తప్పా?
— ఆర్. ఎం., ఒంగోలు

జవాబు: తప్పు కాదు. పెళ్లికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది అన్న ఆ రోజుల్లో, సొంత తండ్రి చావుకు ఇరవై మందిని ఎంచలేక నలిగిపోయినవారు మనలోనే ఉన్నారు. వాళ్ల ముందు మూడొందల విస్తళ్లు వేయడం స్వేచ్ఛ కిందికి రాదు. అయినా అయిదేళ్లు దాటింది. మీ అన్నగారికి మీరే ముందు ఫోన్ చేయండి, పెళ్లి మాట ఎత్తకండి.

ప్రశ్న: నేను ఆస్ట్రేలియా పౌరురాలిని. 2021 ఏప్రిల్‌లో అమ్మ చివరి రోజులని గుంటూరు వచ్చాను. తిరిగి వెళ్లబోతే, భారత్ నుంచి వస్తే అయిదేళ్ల జైలు అన్నారు. నా భర్త, నాలుగేళ్ల పాప మెల్‌బోర్న్‌లో ఉన్నారు. సొంత పౌరులను రావద్దనే అధికారం ఏ ప్రజాస్వామ్యానికైనా ఉంటుందా?
— వి. ఎస్., మెల్‌బోర్న్

జవాబు: ఉందనే అక్కడి కోర్టు చెప్పింది. 2021 మే 3 నుంచి 15 దాకా అమలైన ఆ నిషేధాన్ని, ఉల్లంఘిస్తే అయిదేళ్ల జైలు లేదా 66,600 డాలర్ల జరిమానా అన్న హెచ్చరికను, బెంగళూరులో చిక్కుకుపోయిన ఒక 73 ఏళ్ల పెద్దాయన సవాలు చేస్తే ఫెడరల్ కోర్టు మే 10న ఆయన వాదనను తోసిపుచ్చింది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో మనకున్నటువంటి ప్రాథమిక హక్కుల అధ్యాయం లేదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. చట్టం సరే, న్యాయం సంగతి ఏమిటంటే, అంతకు ముందు అమెరికా, బ్రిటన్‌లలో కేసులు ఉధృతంగా ఉన్నప్పుడు అక్కడి నుంచి వచ్చే తమ పౌరులను జైలు పేరు చెప్పి బెదిరించలేదు. వచ్చినవారిని పద్నాలుగు రోజులు ఉంచడానికి క్వారంటైన్ ఏర్పాట్లు ఉండగా, తలుపే మూయడం అవసరాన్ని మించిన పని. మీ పాపకు ఆ నెల గురించి ఏం చెప్పారో రాయలేదు.

ఆ దేశాన్ని పూర్తిగా తప్పుపట్టను. మీ నగరమే 262 రోజులు లాక్‌డౌన్‌లో ఉంది. 2020 జూలైలో అక్కడ తొమ్మిది ప్రభుత్వ గృహ సముదాయాల్లో సుమారు మూడు వేలమందిని అప్పటికప్పుడు పోలీసు కాపలాలో బంధిస్తే, ఆ డిసెంబరులోనే మీ విక్టోరియా రాష్ట్ర అంబుడ్స్‌మన్ (ప్రభుత్వం మీద వచ్చే ఫిర్యాదులను విచారించే అధికారి) విచారణ జరిపి, ముందుగా చెప్పకుండా తలుపులు మూయడం మానవ హక్కులకు విరుద్ధమని, ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని నివేదిక ఇచ్చారు. ఆ నివేదికకు ఆధారమైన 2006 నాటి చట్టం పేరే మానవ హక్కులు, బాధ్యతల చట్టం. మన నాలుగు గంటల గడువు మీద అలాంటి విచారణ ఒకటి జరిగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. అక్కడ మెచ్చుకోవలసినది మరొకటి ఉంది: జీతంతో కూడిన సెలవు లేని కార్మికులు ఇంట్లో వేరుగా ఉండవలసి వస్తే 1,500 డాలర్లు చేతికిచ్చారు. జబ్బు దాచుకుని పనికి రావడం మనిషి దుర్గుణమని కాకుండా ఇంటి అద్దె లెక్క అని వాళ్లు గుర్తించారు. కింది ఉత్తరానికి ఆ లెక్కతో పని ఉంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో పనిచేసే ఆవిడ కిందటి నెల మూడు రోజులు జ్వరం దాచిపెట్టి నాలుగు ఇళ్లలో పనిచేసింది. తరువాత మా మామగారికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. జ్వరం దాచిన పనివారిని ఇకపై లోపలికి రానివ్వకూడదని మా అసోసియేషన్ తీర్మానం చేయబోతోంది. ఆవిడ మీద కేసు కూడా పెట్టవచ్చని కొందరు అంటున్నారు. మీ సలహా కావాలి.
— అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాదు

జవాబు: సెక్షన్లు ఉన్నాయి. ప్రాణాంతకమైన వ్యాధి వ్యాపించే అవకాశం ఉన్న పనిని నిర్లక్ష్యంగా చేస్తే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, ద్వేషంతో చేస్తే 272 కింద రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. మామూలు జ్వరంతో అంట్లు తోమడానికి వచ్చిన మనిషి మీద వాటిని ప్రయోగించమని ఏ న్యాయవాదీ మీకు సలహా ఇవ్వకూడదు. మామగారికి ఆవిడ వల్లే జ్వరం వచ్చిందని నిరూపించడం కూడా కష్టం. మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు, ఆఫీసుకు వెళ్లే పెద్దలు ఉన్నారు కదా, వాళ్లలో ఆ వారం దగ్గినవారు ఎవరూ లేరా?

ఒక్క సంగతి కనుక్కుని చెప్పండి. ఆవిడ ఒక రోజు రాకపోతే ఆ నాలుగు ఇళ్లవారూ జీతం కోస్తారా? కోస్తారని అనుకుంటున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గరి రిజిస్టరులో పనివారి నాగాలు గుర్తుపెట్టే అలవాటు ఉంది. మూడు రోజుల జ్వరానికి నాలుగు ఇళ్లంటే పన్నెండు నాగాలు. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ లాక్‌డౌన్ కాలానికి జీతాలు కోయవద్దని ఉత్తర్వు ఇచ్చింది గానీ, అది పరిశ్రమలు, దుకాణాలు, వాణిజ్య సంస్థల గురించే మాట్లాడింది, అదీ మే మధ్యకల్లా రద్దయింది. ఇళ్లలో పనిచేసేవారి ఊసు అందులో లేదు. ఆ రెండు మూడు నెలలు ఆవిడ ఎలా బతికిందో మీ అపార్ట్‌మెంట్లో ఎవరైనా అడిగారా? ఆ అనుభవం ఉన్న మనిషి జ్వరం వస్తే ఫోన్ చేసి చెబుతుందా, మాత్ర మింగి వస్తుందా?

మామగారి వయసువారిని కాపాడుకోవాలన్న మీ ఆదుర్దా న్యాయమైనదే, అందుకే తీర్మానం వద్దని చెప్పను. అయితే మీరు రాసుకున్న వాక్యం కింద రెండో వాక్యం ఒకటి చేర్చండి: జ్వరమని ముందుగా ఫోన్ చేసి చెప్పిన పనివారికి అయిదు రోజుల వరకు జీతం కోయము, ఆ రోజులను రిజిస్టరులో నాగా కింద రాయము. ఇదే నియమం ఇంటివారికీ వర్తిస్తుందని, ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉంటే ఆ సంగతి పనివారికి ముందే చెప్పాలని మూడో వాక్యం రాయండి. ఆవిడ ఇంట్లోనూ ముసలి అత్తగారు ఉండవచ్చు.

సర్వసభ్య సమావేశంలో మొదటి వాక్యానికి ఎంతమంది చేతులెత్తారో, రెండో మూడో వాక్యాలకు ఎంతమంది ఎత్తారో లెక్కపెట్టి నాకు రాయండి. వచ్చే నెల ఇదే శీర్షికలో మీ అపార్ట్‌మెంట్ పేరు లేకుండా ఆ అంకెలు వేస్తాను.